ఇటలీలో పెళ్లి సరే, ఆ సర్టిఫికెట్ రేపు ఎక్కడ చూపిస్తారు?

ప్రశ్న: మేడం, నాకూ నేను పెళ్లి చేసుకోబోయే ఆయనకూ వేర్వేరు దేశాల పాస్‌పోర్టులు. ఉద్యోగాల వల్ల ఇద్దరం మూడో దేశంలో ఉంటున్నాం. పెళ్లి మాత్రం ఇటలీలో, ఏదైనా సరస్సు ఒడ్డున చేసుకోవాలని ఎప్పట్నుంచో కోరిక. ఆయనకు ఇంతకుముందు పెళ్లయి విడాకులయ్యాయి. వెడ్డింగ్ ప్లానర్ "కాగితాల సంగతి మాకొదిలేయండి, టెన్షన్ పడొద్దు" అంటున్నారు. ఒక ఫ్రెండ్ డెన్మార్క్ వెళ్లి త్వరగా చేసుకొచ్చేయమంటోంది. ఇంట్లోవాళ్లేమో ఎంబసీలో చేసుకుంటే ఏ గొడవా ఉండదు కదా అంటున్నారు. ఇంకా ఐదు నెలల టైముంది. అసలు ఏ కాగితాలు కావాలి? అక్కడ చేసుకున్న పెళ్లి మిగతా చోట్ల చెల్లుతుందా? ఇంకో చిన్న డౌటు, పెళ్లయ్యాక ఆయన ఇంటిపేరు పెట్టుకుందామనుకుంటున్నాను, ఆ వెంటనే హనీమూన్‌కి వెళ్తున్నాం, టికెట్లు ఏ పేరుతో కొనాలి?

సమాధానం: ఉత్తరంలో అన్నీ రాశారు కానీ అసలైనది వదిలేశారు. ఆ పాస్‌పోర్టులు ఏ దేశాలవి? సగం సమాధానం అక్కడే ఉంది. సరే, ఏ దేశం వాళ్లకైనా పనికొచ్చేలా చెబుతాను, మీ దేశాల వివరాలు మీరు అందులో పెట్టి చూసుకోండి.

ఇలాంటి ఉత్తరాలు రాసేవాళ్లంతా "ఎక్కడ చేసుకుందాం" అన్న దగ్గర మొదలుపెడతారు. నేనైతే వెనక నుంచి రమ్మంటాను. ఆ సర్టిఫికెట్ రేపు ఎవరి టేబుల్ మీద పెట్టబోతున్నారు? మీరిప్పుడుంటున్న దేశంలో వీసా ఆఫీసు, ట్యాక్స్ ఆఫీసు, మీ దేశంలో పాస్‌పోర్టు ఆఫీసు, ఆయన దేశంలో సివిల్ రిజిస్టర్ ఉంటే అక్కడ, రేపు పిల్లలు పుడితే వాళ్ల జనన నమోదు దగ్గర. ఆ ఆఫీసుల పేర్లన్నీ ముందు ఒక కాగితం మీద రాసుకోండి. విదేశంలో జరిగిన పెళ్లి సర్టిఫికెట్ వాళ్లు ఏ రూపంలో తీసుకుంటారో ఒక్కొక్కరి వెబ్‌సైట్లో చూడండి, దొరక్కపోతే మెయిల్ పెట్టి అడగండి. సరస్సు తర్వాత. సరస్సు ఎక్కడికీ పోదు.

ఇక చట్టం సంగతి. విదేశంలో పెళ్లంటే మీ మీద ఒకేసారి రెండు మూడు దేశాల చట్టాలు పనిచేస్తాయి, గందరగోళమంతా అక్కడే పుడుతుంది. పెళ్లి ఎలా జరగాలి, అంటే ఎవరు చేయించాలి, ఎంతమంది సాక్షులు, ఎన్ని రోజుల ముందు నోటీసు, ఏ భాషలో అన్నది దాదాపు అన్ని చోట్లా పెళ్లి జరిగే దేశం చట్టం చెబుతుంది. మీరిద్దరూ అసలు పెళ్లి చేసుకోవచ్చా, అంటే వయసు, బంధుత్వం, పాత పెళ్లి తెగిందా లేదా అన్నది మాత్రం చాలా దేశాలు మీ పౌరసత్వం ఉన్న దేశం చట్టాన్ని బట్టి చూస్తాయి. కొన్ని మీరు స్థిరనివాసం ఉంటున్న దేశాన్ని బట్టి చూస్తాయి. ఇక అది చెల్లుతుందా అన్నది మీరు ఆ సర్టిఫికెట్ చూపించే ప్రతి దేశమూ తన చట్టం ప్రకారం తనే తేల్చుకుంటుంది. దీనికి ప్రపంచమంతటికీ ఒకే ఒప్పందం ఉంటే ఎంత బాగుండేదో. 1978లో హేగ్‌లో వివాహాల గుర్తింపు మీద ఒక ఒప్పందం రాశారు గానీ, దాన్ని ఆమోదించినవి ఆస్ట్రేలియా, నెదర్లాండ్స్, లక్సెంబర్గ్ లాంటి వేళ్ల మీద లెక్కపెట్టే దేశాలే. మామూలుగా అయితే జరిగిన చోట చట్టబద్ధంగా జరిగిన పెళ్లిని మిగతా దేశాలు ఒప్పుకుంటాయి. మామూలుగా అన్న మాట గుర్తుపెట్టుకోండి.

పెళ్లి ఏ క్షణంలో "అయిపోయినట్టు" అన్నది కూడా అన్ని చోట్లా ఒకటి కాదు. జపాన్‌లో మీరు ఎంత ఘనంగా వేడుక చేసుకున్నా చట్టానికి సంబంధం లేదు, మునిసిపల్ ఆఫీసులో ఇద్దరు పెద్దవాళ్లు సాక్షి సంతకాలు పెట్టిన ఫారం ఇచ్చి వాళ్లు తీసుకున్నప్పుడే పెళ్లి. ఫ్రాన్స్‌లో మేయర్ ఆఫీసులో జరిగిందే పెళ్లి, మతపరమైన వేడుక కావాలంటే దాని తర్వాత. అమెరికాలో ముందు లైసెన్సు తీసుకోవాలి, అది అనుమతి మాత్రమే. వేడుక చేయించినవారు తర్వాత దాన్ని ఆఫీసులో నమోదు చేయిస్తేనే సర్టిఫికెట్ వస్తుంది. లాస్ వెగాస్‌లో పెళ్లి చేసుకుని లైసెన్సు కాగితాన్నే సర్టిఫికెట్ అనుకుని ఇంటికి తెచ్చుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆస్ట్రేలియాలో అయితే పెళ్లి రోజు అందమైన అంచులతో ఒక సర్టిఫికెట్ చేతిలో పెడతారు, ఫొటోల్లో బాగుంటుంది, కానీ పాస్‌పోర్టుకీ వీసాకీ అది పనికిరాదు. ఆ రాష్ట్రపు జనన మరణ వివాహాల రిజిస్ట్రీ నుంచి అసలుది విడిగా తెప్పించుకోవాలి.

ఇప్పుడు మీ ఇటలీ. అక్కడి సివిల్ కోడ్ 116వ అధికరణ ప్రకారం విదేశీయులు తమ దేశపు అధికారుల నుంచి "మా చట్టం ప్రకారం ఈ వ్యక్తి పెళ్లికి అడ్డంకి ఏమీ లేదు" అన్న ప్రకటన తేవాలి. దీన్నే నుల్లా ఓస్తా అంటారు. ఇద్దరూ విదేశీయులే కాబట్టి ఇద్దరికీ కావాలి, ఎవరి దేశం నుంచి వాళ్లు. సాధారణంగా ఇటలీలో ఉన్న మీ మీ కాన్సులేట్ ఇస్తుంది, ఇచ్చాక దాని మీద ప్రెఫెత్తూరాలో, అంటే ఇటలీ ప్రభుత్వపు జిల్లా ఆఫీసులో, ముద్ర వేయించుకోవాలి, ఒప్పందాల వల్ల మినహాయింపు ఉన్న దేశాలవాళ్లకు తప్ప. వినడానికి ఒక్క కాగితమే. కానీ కొన్ని దేశాలు అసలు ఇలాంటి కాగితమే ఇవ్వవు. అమెరికాకు పెళ్లిళ్ల జాతీయ రిజిస్టరే లేదు, ఎవరికి పెళ్లయిందో ఎవరికి కాలేదో చెప్పే ఆఫీసు లేదు. అందుకని అమెరికన్లు తమ కాన్సులేట్‌లో ప్రమాణపూర్వక ప్రకటన ఇచ్చి, దానికి తోడు సాక్షులతో ఇటలీ అధికారుల ముందు "అత్తో నోతోరియో" అనే మరో వాంగ్మూలం చేయించుకుంటారు. బ్రిటన్ వాళ్లు స్వదేశంలోనే ఉంటే స్థానిక రిజిస్టర్ ఆఫీసులో నోటీసు ఇస్తారు, అది 28 రోజులు పబ్లిక్‌గా ఉంచాకే అడ్డంకి లేదన్న సర్టిఫికెట్ చేతికొస్తుంది. మీలాగా మూడో దేశంలో ఉంటే దారి వేరేగా ఉండొచ్చు. మీరు ముందు చేయాల్సిన ఫోను ఇదే: ఇటలీలో ఉన్న మీ దేశపు కాన్సులేట్‌కి. "మూడో దేశంలో నివాసముంటున్నాను, నాకు నుల్లా ఓస్తా ఇస్తారా, ఇవ్వాలంటే ఏం కావాలి, ఎన్నాళ్లు పడుతుంది, ఎన్నాళ్లు చెల్లుతుంది" అని అడగండి. ఆయన్ని కూడా ఆయన కాన్సులేట్‌కి చేయమనండి. ప్లానర్ చేత చేయించకండి. ప్లానర్‌కి పూలూ, వంటవాళ్లూ తెలుస్తారు, మీ పౌరసత్వ చట్టం తెలియాలని లేదు. ఆ కాన్సులేట్ చెప్పినదాన్ని మీ చెవులతో మీరు విన్నాకే వేదికకు అడ్వాన్స్ కట్టండి.

చెల్లుబాటు గడువు అన్నాను కదా, దాని మీద కొంచెం ఆగుతాను. మరీ త్వరగా తెచ్చుకున్నా ఇబ్బందే. జర్మనీలో విదేశీయులు ఇచ్చే వివాహ యోగ్యతా పత్రం జారీ అయిన 6 నెలల వరకే చెల్లుతుంది. డెన్మార్క్ వాళ్లిచ్చే అనుమతి పత్రానికి 4 నెలలు. జనన ధ్రువపత్రాలకు కూడా చాలా దేశాల్లో "ఇటీవల జారీ చేసినది" అన్న షరతు ఉంటుంది. పుట్టిన తేదీ ఏమైనా మారుతుందా అని అడగొద్దు. కొన్ని దేశాల్లో పెళ్లీ విడాకులూ జనన రిజిస్టర్ పక్కనే రాస్తారు, అందుకని తాజా నకలు చూస్తే మీ వైవాహిక స్థితి తెలిసిపోతుంది, ఆ అలవాటుతో అందర్నీ అడుగుతారు. మీ ఐదు నెలల్లో పెళ్లి తేదీ నుంచి వెనక్కి లెక్కేసుకుని, ఏ కాగితం ఎప్పుడు అప్లై చేస్తే పెళ్లి నాటికి ఇంకా బతికి ఉంటుందో చూసుకోండి.

ఆయన విడాకుల దగ్గరికి వద్దాం, మీ కేసులో నాకు అన్నిటికన్నా భయం వేసేది ఇక్కడే. విడాకులయ్యాయి అంటే ఏ స్థాయిలో అయ్యాయి? ఇంగ్లండ్‌లో 2022 ఏప్రిల్ నుంచి ముందు షరతులతో కూడిన ఆర్డర్ ఇస్తారు, ఆరు వారాల ఒక రోజు తర్వాత మళ్లీ అప్లై చేస్తే తుది ఆర్డర్ వస్తుంది. ఆ రెండోది లేకపోతే ఆయనింకా పెళ్లయినవారే, విడిగా ఉంటున్నారన్న దానికి విలువ లేదు. కొన్ని దేశాల్లో డిక్రీ మీద అప్పీలు గడువు ముగిసిందని కోర్టు విడిగా ధ్రువీకరించాలి. తర్వాతి ప్రశ్న: ఆ విడాకులు ఆయన పౌరసత్వం ఉన్న దేశంలోనే మంజూరయ్యాయా, బయటా? బయటైతే ఆయన దేశం వాటిని గుర్తించిందా? జర్మనీలో, ఐరోపా సమాఖ్య బయట మంజూరైన విడాకుల్ని సాధారణంగా అక్కడి రాష్ట్ర న్యాయశాఖ ముందుగా గుర్తించాలి, పాత దంపతులిద్దరూ విడాకులిచ్చిన దేశం పౌరులే అయితే తప్ప. ఫిలిప్పీన్స్ పౌరులకైతే విదేశీ విడాకుల్ని స్వదేశంలో కోర్టుకెళ్లి గుర్తింపు పొందాలి, అది నెలల్లో తేలే పని కాదు. గుర్తింపు లేకుండా ఎక్కడో ఒక చోట పెళ్లి చేసేసుకుంటే ఒక దేశంలో మీరు ఆయన భార్య, ఇంకో దేశంలో ఆయనకు ఇంకా పాత భార్యే ఉన్నట్టు. నవ్వుకోడానికి బాగుంటుంది గానీ వారసత్వం దగ్గరా పిల్లల పౌరసత్వం దగ్గరా ఇది ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిప్పుతుంది.

ఈ ఉత్తరం చదువుతున్న విడాకులైన ఆడవాళ్ల కోసం ఒకటి చెప్పాలి. ఇటలీలో, టర్కీలో విడాకులైన స్త్రీ మళ్లీ పెళ్లి చేసుకోవాలంటే 300 రోజులు ఆగాలన్న నియమం చాలాకాలంగా ఉంటూ వచ్చింది, ఇప్పటికీ అమల్లో ఉందో లేదో ముందు కనుక్కోండి. గర్భం లేదని వైద్య పరీక్షలో తేలితే టర్కీ కోర్టు ఆ గడువు ఎత్తేస్తుంది, ఇటలీలోనూ మినహాయింపు దారులున్నాయి. మగవాళ్లకు ఈ గడువు లేదు. ఏ కాలం నాటి ఆలోచనో మీకే తెలుస్తోంది. జపాన్‌లో ఇలాంటిదే 100 రోజులది ఉండేది, 2024 ఏప్రిల్లో తీసేశారు. మీకిది మొదటి పెళ్లయితే ఈ పేరా దాటేయండి.

ఇప్పుడు అపోస్టిల్. ఒక దేశం ఇచ్చిన ప్రభుత్వ కాగితాన్ని ఇంకో దేశం నమ్మాలంటే పూర్వం రాయబార కార్యాలయాల దాకా ముద్రల మీద ముద్రలు పడాల్సి వచ్చేది. 1961 నాటి హేగ్ ఒప్పందంతో దాన్ని ఒకే ముద్రకు కుదించారు, ఆ ముద్రే అపోస్టిల్. భారత్ 2005లో, చైనా 2023 నవంబరులో, కెనడా 2024 జనవరిలో ఇందులో చేరాయి. మీ దేశం ఇంకా చేరకపోతే పాత పద్ధతే, స్వదేశంలో విదేశాంగ శాఖ, తర్వాత ఇటలీ రాయబార కార్యాలయం. ఒకటి గుర్తుంచుకోండి, అపోస్టిల్ చెప్పేది ఆ సంతకం, ఆ ముద్ర అసలైనవని మాత్రమే. లోపల రాసింది నిజమని కాదు, పేరు తప్పు పడితే తప్పుడు పేరు మీదే అపోస్టిల్ పడుతుంది.

పేరు తప్పులు! పెళ్లి కాగితాల అనువాదాలు చూసే పనిలో ఉన్నదాన్ని, నా దగ్గరికి వచ్చే తలనొప్పుల్లో చాలావరకు ఇవే. పాస్‌పోర్టులో పూర్తి పేరు, జనన పత్రంలో పొట్టి పేరు, విడాకుల డిక్రీలో ఒక అక్షరం ఎక్కువ, తల్లి పేరు ఒక చోట పెళ్లికి ముందుది, ఒక చోట తర్వాతది. మనకు మనిషి ఒకరేనని తెలుసు, పరాయి దేశపు రిజిస్ట్రార్‌కి అవి ముగ్గురు మనుషులు. ఈ వారాంతంలో మీ ఇద్దరి కాగితాలన్నీ టేబుల్ మీద పక్కపక్కన పరిచి, పేరూ, పుట్టిన తేదీ, పుట్టిన ఊరూ అక్షరం అక్షరం పోల్చి చూడండి. తేడా కనిపిస్తే జారీ చేసిన ఆఫీసులోనే సరిచేయించండి. అది కుదరకపోతే "ఈ రెండు పేర్లూ ఒకే వ్యక్తివి" అని అఫిడవిట్ చేసి, అది చాలుతుందా అని ఇటలీలో మీరు పెళ్లి చేసుకునే ఊరి కొమూనే, అంటే మునిసిపల్ ఆఫీసును ముందే రాతపూర్వకంగా అడగండి. అనువాదం మాత్రం అపోస్టిల్ పడ్డాకే చేయించండి, ఎందుకంటే అపోస్టిల్‌ని కూడా అనువదించమంటారు చాలా చోట్ల. అది కూడా ప్రమాణం చేసిన అనువాదకుల చేతే, భాష బాగా వచ్చిన స్నేహితుల చేత కాదు.

ఇవన్నీ కుదిరితే అసలు వేడుక సులువే. కొమూనే తరఫున మేయరో, ఆయన నియమించిన అధికారో మూడు రంగుల పట్టీ భుజం మీదుగా వేసుకుని నిలబడతారు. సివిల్ కోడ్‌లోంచి 143, 144, 147 అధికరణాలు చదువుతారు, ఒకరికొకరు విశ్వాసంగా ఉండాలి, ఇంటి విషయాలు కలిసి నిర్ణయించుకోవాలి, పిల్లల్ని పోషించి చదివించాలి అన్నవి. ఇద్దర్నీ విడివిడిగా అడుగుతారు, ఇద్దరు సాక్షులు సంతకం పెడతారు. మీకు ఇటాలియన్ రాకపోతే దుబాసీ తప్పనిసరి, అతన్ని మీరే తెచ్చుకోవాలి. సరస్సు ఒడ్డు అన్నారు కదా, చట్టబద్ధమైన సివిల్ వేడుక కొమూనే ఆమోదించిన స్థలంలోనే జరగాలి. మీరు ఫొటోల్లో చూసి మనసు పారేసుకున్న విల్లా ఆ జాబితాలో ఉందో లేదో, విల్లా వాళ్లను కాకుండా కొమూనేని అడగండి.

రిజిస్టర్‌లో సంతకాల ముందు ఆస్తుల గురించి కూడా ఒక ప్రశ్న వస్తుంది, చాలామంది దానికి సిద్ధంగా ఉండరు. ఇటలీలో ఏమీ చెప్పకపోతే పెళ్లి తర్వాత సంపాదించిన ఆస్తి ఉమ్మడి అన్నది మామూలు నియమం, విడివిడి ఆస్తి కావాలంటే ఆ వేడుకలోనే ప్రకటించవచ్చు. కానీ మీరు అక్కడ ఉండబోవడం లేదు కాబట్టి అసలు ఏ దేశం నియమం వర్తిస్తుందన్నదే ప్రశ్న. ఐరోపా సమాఖ్యలో చాలా దేశాలు, 2019 జనవరి 29 తర్వాత పెళ్లి చేసుకున్నవాళ్లకు, ముందుగా ఎంచుకోకపోతే, పెళ్లయ్యాక ఇద్దరూ మొదట కాపురం పెట్టిన దేశపు చట్టాన్నే చూస్తాయి. ఎక్కడ పెళ్లి జరిగిందన్నది కాదు, ఎక్కడ సంసారం మొదలైందన్నది. ఆయనకు పాత పెళ్లి బాధ్యతలు, పిల్లలు ఉంటే లాయరుతో ఒక గంట కూర్చుని ఒప్పందం రాసుకోండి. ఇది నమ్మకం లేకపోవడం కాదు, ఆయన కూడా అలా అనుకోరనే ఆశిస్తున్నాను.

డెన్మార్క్ గురించి మీ ఫ్రెండ్ చెప్పింది కొట్టిపారేయలేను. వేర్వేరు దేశాల జంటలు అక్కడికి వెళ్లడానికి కారణం ఉంది. 2019 నుంచి ఫామిలియెరెట్స్‌హుసెట్ అనే ఒకే సంస్థ ఆన్‌లైన్‌లో కాగితాలన్నీ చూసి అనుమతి పత్రం ఇస్తుంది, అది పట్టుకుని టౌన్‌హాల్‌కి వెళ్లి అసలు కాగితాలు చూపించి పెళ్లి చేసుకోవచ్చు. నివాస షరతు లేదు. అయినా దేశంలోకి చట్టబద్ధంగా వచ్చి ఉండాలి, మీ బంధం నిజమైనదని రుజువులడుగుతారు, విడాకుల కాగితాలు అక్కడా చూస్తారు. ఆయన డిక్రీలో లోపముంటే ఇటలీలో ఆగినట్టే డెన్మార్క్‌లోనూ ఆగిపోతుంది. ఇలాంటి దగ్గరి దారుల చరిత్ర పాతదే, బీటిల్స్ గాయకుడు జాన్ లెనన్, యోకో ఓనో 1969లో జిబ్రాల్టర్ వెళ్లి పెళ్లి చేసుకున్నది కూడా అక్కడ తిప్పలు తక్కువనే. ఇజ్రాయెల్‌లో సివిల్ వివాహమే లేదు కాబట్టి అక్కడి జంటలు దశాబ్దాలుగా సైప్రస్‌కి విమానమెక్కుతున్నాయి. ఈమధ్య అమెరికాలోని యూటా కౌంటీ వీడియో కాల్‌లో పెళ్లి చేస్తోంది, ఇజ్రాయెల్ సుప్రీంకోర్టు 2023లో ఆ పెళ్లిళ్లను కూడా నమోదు చేయాలంది. కానీ అదే వీడియో పెళ్లిని అమెరికా వలస చట్టం, ఇద్దరూ ఒకే చోట లేకుండా జరిగితే, తర్వాత కాపురం చేస్తే తప్ప ఒప్పుకోదు. పెళ్లి చేసిన దేశమే దానికి షరతు పెట్టడం చూడండి.

ఎంబసీ మాటకొస్తే, ఇంట్లోవాళ్ల నమ్మకం చాలామందికి ఉన్నదే, ఎంబసీ గేటు దాటితే సొంత దేశపు నేల అని. కాదు. ఆ భవనంలోకి స్థానిక పోలీసులు అనుమతి లేకుండా రాలేరు, అంతే, నేల మాత్రం ఆ దేశానిదే. 1963 నాటి వియన్నా ఒప్పందం కూడా స్థానిక చట్టం అడ్డు చెప్పనంతవరకే కాన్సులేట్లు పెళ్లిళ్ల నమోదు లాంటి పనులు చేయొచ్చంటుంది. అమెరికా కాన్సులర్ అధికారులు పెళ్లిళ్లు చేయించరు. భారత్‌కు 1969 నాటి విదేశీ వివాహ చట్టం ఉంది, ఇద్దరిలో ఒకరైనా ఆ దేశ పౌరులైతే నోటీసు ఇచ్చి వివాహ అధికారి ముందు చేసుకోవచ్చు. కొన్ని దేశాలు ఇద్దరూ తమ పౌరులే అయితేనే ఒప్పుకుంటాయి. మీ ఇద్దరి పాస్‌పోర్టులూ వేరు కాబట్టి ఈ దారి మూసుకుపోయే అవకాశమే ఎక్కువ, అయినా ఒక మెయిల్‌తో తేలిపోతుంది, అడగండి.

వీసా గురించి మీరు అడగలేదు, నేను అడుగుతాను. పెళ్లయ్యాక ఇద్దరిలో ఒకరు ఇంకొకరి దేశానికి వెళ్లే ఆలోచన ఉందా? ఉంటే పెళ్లి ఎక్కడ, ఎప్పుడు అన్నది వీసా రకాన్నే మార్చేస్తుంది. అమెరికా కాబోయే భార్యాభర్తలకిచ్చే కె-1 వీసా మీద వెళ్తే అక్కడికి చేరిన 90 రోజుల్లో అక్కడే పెళ్లి చేసుకోవాలి, ఇటలీలో ముందే చేసుకుంటే ఆ వీసాకు అర్హత పోయి భార్యాభర్తల దారిలో మళ్లీ మొదట్నుంచి అప్లై చేయాలి. బ్రిటన్‌లో మామూలు విజిటర్ వీసా మీద వెళ్లి పెళ్లి చేసుకోకూడదు, దానికి విడిగా వివాహ విజిటర్ వీసా ఉంది, నోటీసు కాలం మామూలుగా 28 రోజులు, అనుమానముంటే 70 రోజుల దాకా పొడిగిస్తారు. ఇమ్మిగ్రేషన్ కౌంటర్ దగ్గర "టూరుకొచ్చాం" అని చెప్పి సూట్‌కేసులో పెళ్లి బట్టలతో దొరికిపోయే సన్నివేశం ఎవరికీ వద్దు.

ఇంకొక విషయం ఎవరూ పెళ్లికి ముందు మాట్లాడరు, నేను మాట్లాడతాను. పెళ్లి చేసుకున్న చోటే విడాకులు దొరుకుతాయని లేదు. పెళ్లికి నివాస షరతు లేని చోట్ల కూడా విడాకులకు ఉంటుంది, నెవాడాలో లాస్ వెగాస్ పెళ్లికి నిరీక్షణే లేదు గానీ విడాకులకు ఒకరైనా ఆరు వారాలు అక్కడ నివాసముండాలి. కెనడాకు వెళ్లి పెళ్లి చేసుకున్న విదేశీ స్వలింగ జంటలకు ఈ చిక్కు నిజంగానే వచ్చింది. సొంత దేశం ఆ పెళ్లినే గుర్తించదు కాబట్టి అక్కడ విడాకులివ్వదు, కెనడాలో నివాసం లేదు కాబట్టి అక్కడా ఇవ్వరు. చివరికి 2013లో వాళ్ల కోసం ప్రత్యేకంగా చట్టం చేయాల్సి వచ్చింది. మీరు నివసించే దేశం మీ పెళ్లిని గుర్తిస్తే చాలు, ఈ బాధ ఉండదు. అందుకే ఆఫీసుల జాబితా ముందు రాయమన్నది.

ఇప్పుడు నా సలహా. ఇద్దరి కాన్సులేట్లూ రెండు మూడు వారాల్లో స్పష్టంగా "ఇస్తాం, ఇన్ని రోజులు పడుతుంది" అని చెబితే, ఆయన డిక్రీ శుభ్రంగా ఉంటే, ఐదు నెలల్లో ఇటలీలో చట్టబద్ధంగా చేసుకోవచ్చు, కానీ నసిగితే పట్టుబట్టకండి. ఇప్పుడుంటున్న దేశంలో, కుదరకపోతే డెన్మార్క్‌లో, పది నిమిషాల రిజిస్టర్ పెళ్లి చేసుకుని, సరస్సు దగ్గర కేవలం వేడుకగా చేసుకోండి. అప్పుడు నుల్లా ఓస్తా అక్కర్లేదు, దుబాసీ అక్కర్లేదు, ఏ విల్లా అయినా సరే. అతిథులకు తేడా తెలియదు, చెప్పాలని రూలూ లేదు. బాలి గురించి అడిగేవాళ్లకు కూడా నేను ఇదే చెబుతాను. ఇండోనేసియాలో 1974 వివాహ చట్టం ప్రకారం మతపరమైన పెళ్లి జరిగితేనే నమోదు, ఇద్దరి మతాలు వేరైతే 2023 నుంచి కోర్టులు కూడా నమోదుకు ఆదేశాలివ్వడం లేదు. అలాంటి చోట బీచ్‌లో వేడుక చేసుకుని కాగితం పని ఇంకెక్కడైనా ముగించడమే తెలివి.

ఇటలీలోనే అయితే, వెనక్కి వచ్చేముందు కొమూనే నుంచి బహుభాషల్లో ముద్రించిన వివాహ నమోదు నకళ్లు కనీసం నాలుగైదు తీసుకోండి, తర్వాత మెయిళ్ల మీద తెప్పించుకోవడం పెద్ద పని. ఐరోపా సమాఖ్య దేశాల మధ్య 2019 ఫిబ్రవరి నుంచి ఇలాంటి కాగితాలకు అపోస్టిల్ అక్కర్లేదు, బయటి దేశాల కోసమైతే ప్రెఫెత్తూరాలో వేయించుకునే రండి. ఆ తర్వాత మీ దేశాల్లో నమోదు చేయించాలా అన్నది చూసుకోండి. జపాన్ పౌరులు విదేశంలో పెళ్లయిన 3 నెలల్లోపు తెలియజేయాలి, బ్రిటన్‌లో మాత్రం మీరు కావాలన్నా విదేశీ పెళ్లిని నమోదు చేసే రిజిస్టరే లేదు, ఇటలీ సర్టిఫికెట్టే జీవితాంతం మీ రుజువు.

టికెట్ల డౌటుకి సమాధానం సులువు. హనీమూన్ టికెట్లు ఇప్పుడు చేతిలో ఉన్న పాస్‌పోర్టులోని పేరుతోనే, అక్షరం మార్చకుండా కొనండి. పెళ్లయినంత మాత్రాన ఇంటిపేరు దానంతటదే మారదు, కొన్నిచోట్ల అసలు మార్చుకోనివ్వరు కూడా, కెనడాలోని క్యుబెక్‌లో 1981 నుంచి భార్యలు పుట్టింటి పేరుతోనే కొనసాగాలి. కొత్త పేరుతో పాస్‌పోర్టు రావాలంటే ముందు సర్టిఫికెట్, దానికి అనువాదం, మీ దేశపు పాస్‌పోర్టు ఆఫీసు అడిగే ముద్రలు అన్నీ పడాలి, పాత పాస్‌పోర్టులో వీసా ఉంటే దాని సంగతీ తేలాలి. అది తిరిగొచ్చాక పెట్టుకునే పని.